రాసిన ఫైలును మళ్లీ ముట్టుకోని లూసీన్

డేటాబేస్‌లో ఒక వరుసను మార్చాలంటే ఆ వరుస ఉన్న పేజీని తెరిచి, పాత విలువ ఉన్నచోటే కొత్తది రాయడం చిరకాలంగా నడుస్తున్న పద్ధతి. వెతుకులాట కోసం పుట్టిన ఓపెన్‌సోర్స్ లైబ్రరీ లూసీన్ ఈ పద్ధతిని మొదట్లోనే వద్దనుకుంది. ఒకసారి డిస్కుకెక్కిన ఇండెక్స్ ఫైలును అది మళ్లీ దిద్దదు. డగ్ కటింగ్ 1990ల చివర్లో జావాలో రాసిన ఈ లైబ్రరీ 2000లో సోర్స్‌ఫోర్జ్‌లో విడుదలైంది, 2001లో అపాచీ సంస్థలో చేరింది. సోలర్, ఎలాస్టిక్‌సెర్చ్ రెండూ దీని మీద కట్టినవే. లూసీన్ బలాలూ, దానితో పనిచేసేవారి తిప్పలూ చాలావరకు ఈ ఒక్క నిర్ణయం నుంచే వచ్చాయని నా అభిప్రాయం.

ఆ నిర్ణయానికి కారణం లెక్కల్లో ఉంది. వెతుకులాటకు వాడే సూచిక (ఇండెక్స్), పుస్తకం చివర వేసే పదసూచి లాంటిది. ప్రతి పదం ఎదుట ఆ పదం ఉన్న పత్రాల సంఖ్యలు వరుసగా ఉంటాయి. కొత్త పత్రంలో 300 వేర్వేరు పదాలుంటే 300 జాబితాలు పెరగాలి. జాబితాలన్నీ డిస్కు మీద తలో చోట ఉన్నాయనుకుందాం. తిరిగే డిస్కులో ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఒక్క పత్రానికి 3 సెకన్లు, లక్ష పత్రాలకు దాదాపు మూడున్నర రోజులు. జ్ఞాపకంలో కొంత దాచుకుని ఈ భారాన్ని తగ్గించవచ్చు గానీ తప్పించలేం. ఈ సంగతి కటింగ్‌కు కొత్త కాదు. బీ-ట్రీ నిర్మాణంలో ఉంచిన సూచికను వేగంగా తాజా పరచడమెలాగో 1990లోనే యాన్ పెడర్సన్‌తో కలిసి పరిశోధన పత్రం రాశాడు. ఆ దారి లోతుపాతులు ఎరిగినవాడే లూసీన్‌కు వచ్చేసరికి దాన్ని పక్కన పెట్టాడు.

బదులుగా ఎంచుకున్నది సెగ్మెంట్ల పద్ధతి. కొత్త పత్రాలు ముందు జ్ఞాపకంలో పోగవుతాయి. తగినంత చేరాక వాటికో చిన్న సంపూర్ణ సూచిక తయారై ఒక్క ఊపులో డిస్కుకెక్కుతుంది. అదే సెగ్మెంట్. తొలినాళ్ల అమరికలో ఒకే పరిమాణం ఉన్న సెగ్మెంట్లు పది చేరితే, వాటిని చదివి పెద్ద సెగ్మెంట్ ఒకటి రాసి, పాతవాటిని తీసేసేవారు. ఈ విలీనం వల్ల ఒక్కో పత్రం పలుమార్లు తిరగరాతకు లోనవుతుంది. అయితే పత్రాల సంఖ్య పదింతలైనా ఆ తిరగరాత మరొక్కసారి మాత్రమే పెరుగుతుంది. పైగా చదవడం, రాయడం రెండూ వరుసగా సాగుతాయి, డిస్కు అటూ ఇటూ పరుగెత్తనక్కర్లేదు.

ఫైలు మారదని తేలాక చాలా చిక్కులు వాటంతటవే విడిపోయాయి. చదివేవారికి తాళాలు అక్కర్లేదు, రాసేవారు ఒక్కరే ఉంటే చాలు. ఆపరేటింగ్ సిస్టమ్ జ్ఞాపకంలో దాచుకున్న పేజీలు ఎన్నటికీ పాతబడవు. జాబితా మధ్యలో ఎవరూ ఏదీ చొప్పించరు గనుక పత్రసంఖ్యలకు బదులు వాటి మధ్య తేడాలను గట్టిగా కుదించి పెట్టవచ్చు. మార్పులను ఖాయం చేసే కమిట్ కూడా తేలికైంది. కొత్త సెగ్మెంట్లు డిస్కుకు చేరాయని రూఢి చేసుకున్నాక, ఏయే సెగ్మెంట్లు చెల్లుతాయో చెప్పే చిన్న ఫైలును తాత్కాలిక పేరుతో రాసి, చివరగా అసలు పేరు పెడతారు. మధ్యలో కరెంటు పోయినా పాత జాబితా ఫైలు భద్రంగా ఉంటుంది. 2009లో వచ్చిన 2.9 వెర్షన్ ఇంకో అడుగు వేసి, కమిట్ కాని సెగ్మెంట్లలో కూడా వెతకనిచ్చింది. దాంతో పత్రం వెతికితే దొరికే క్షణమూ, అది డిస్కు మీద స్థిరపడే క్షణమూ వేరయ్యాయి.

ఇక ఖర్చులు. పత్రాన్ని తొలగించమంటే లూసీన్ దాని పక్కన చెల్లదన్న ఒక బిట్ గుర్తు మాత్రమే పెడుతుంది. మార్చమంటే పాతదానికి ఆ గుర్తు పెట్టి, కొత్తదాన్ని మొత్తంగా చేరుస్తుంది. తొలగించిన పత్రం తరవాతి విలీనం దాకా డిస్కు మీదే ఉంటుంది. పదాల లెక్కల్లోనూ కొనసాగి ఫలితాల వరుసను కాస్త కదుపుతుంది. వ్యక్తుల వివరాలు చెరిపేశామని చెప్పుకొనే వ్యవస్థల వారు దీన్ని చిన్న విషయమనుకోరాదు. విలీనంలో పత్రసంఖ్యలు కూడా మారిపోతాయి, కాబట్టి వాటిని బయటి ప్రోగ్రాములు దాచుకోవడం పనికిరాదు. ఆ సంఖ్యలు 32 బిట్లవి. అందుకే ఒక ఇండెక్స్‌లో దాదాపు 214 కోట్ల పత్రాలకు మించి పట్టవు.

అసలు విలువలు డేటాబేస్‌లో, వెతుకులాట లూసీన్‌లో ఉన్నప్పుడు రెంటినీ కలిపేది ఎలా? జావా ప్రపంచంలో దీనికి హైబర్నేట్ సెర్చ్ అనే లైబ్రరీ ఇచ్చిన జవాబు నాకు సబబుగా తోస్తుంది. వస్తువులో (ఆబ్జెక్ట్‌లో) మార్పు జరిగితే ఇండెక్స్ పనిని వెంటనే చేయకుండా వరుసలో ఉంచుతుంది. డేటాబేస్ లావాదేవీ ఖరారయ్యాకే ఆ పని లూసీన్‌కు చేరుతుంది. ముందే చేర్చితే, లావాదేవీ రద్దయిన సందర్భంలో లేని సరుకు ఉన్నట్టు చూపాల్సి వస్తుంది. ఈ వరుసలోనూ లోటుంది. రెండు పనుల మధ్య యంత్రం ఆగిపోతే ఇండెక్స్ వెనకబడుతుంది. కానీ డేటాబేస్ నుంచి ఇండెక్స్‌ను మళ్లీ కట్టవచ్చు, ఇండెక్స్ నుంచి డేటాబేస్‌ను కట్టలేం. వెతుకులాటలో తేలిన గుర్తింపు సంఖ్యలతో అసలు వస్తువులను డేటాబేస్ నుంచే తెచ్చే ఏర్పాటు కూడా ఇందుకు తగినట్టే ఉంది.

ఇండెక్స్‌ను ఇలా మళ్లీ కట్టాల్సిన అవసరం తెలుగు పాఠానికి ఎక్కువ. లూసీన్ 9లో తెలుగు విశ్లేషకం ఉంది. అది తెలుగు అంకెలను మామూలు అంకెలుగా మార్చి, రాతలోని తేడాలను సరిచేసి, మాటల చివరి ప్రత్యయాలను కత్తిరిస్తుంది. పల్లెలో, పల్లెకు, పల్లెనుంచి అని పదం సాగిపోయే భాషలో ఎక్కడ కత్తిరించాలన్నది ఒక పట్టాన తేలే ప్రశ్న కాదు. ఆ నియమాలను రేపు మెరుగుపరిస్తే కొత్త పత్రాలకూ, వెతికే మాటలకూ కొత్త కత్తిరింపు వస్తుంది. పాత సెగ్మెంట్లలో మాత్రం పాత రూపాలే ఉంటాయి. విలీనం పదాలను ఉన్నవున్నట్టు మోసుకొస్తుందే గానీ మళ్లీ విశ్లేషించదు. అప్పుడు పత్రాలన్నిటినీ డేటాబేస్ నుంచి తీసి, ఇండెక్స్‌ను మొదటి నుంచి కట్టుకోవలసిందే.