జాగిలమునకు చదువు

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు ఉన్నది. విజయవాడ ప్రక్కనుండి ప్రవహించు బుడమేరు, ఏలూరు మీదుగా వచ్చు తమ్మిలేరు మొదలగు ఏరులు తమ నీటిని కొల్లేటికి చేర్చును. ఆ నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతమున కలియును. 1855వ సంవత్సరమున విజయవాడకడ కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియైన పిదప కాలువల నీరు డెల్టాయందు పారి, వరి విస్తారముగా పండజొచ్చెను. కోతలు ముగిసిన పొలములలో రాలియున్న గింజలు, నత్తలు, పురుగులు బాతులకు చక్కని మేత. అందుచేత కొల్లేటి పరిసరములలో బాతులను పెంచుట పలువురకు జీవనోపాధి ఐనది. కాపరి బాతుల మందను ఒక మడినుండి మరియొక మడికి, ఒక కాలువగట్టునుండి మరియొక గట్టునకు తోలుకొని పోవుచుండెడివాడు.

ఆ కాపరులకు తోడుగా నుండినది జోనంగి జాగిలము. దీనినే కొల్లేటి జాగిలమనియు అందురు. పొట్టి వెండ్రుకలు, నునుపైన చర్మము, ముఖముపై ముడుతలు దీని లక్షణములు. తక్కిన కుక్కలవలె ఇది తరచుగా మొరగదు. రాగము తీసినట్లు గొంతెత్తి కూయును. నేలను త్రవ్వి, గుంట చేసికొని, అందు పరుండుట దీని అలవాటు.

ఈ జాగిలము చేసిన పని యెట్టిదో ఆలోచింపదగినది. కుక్క స్వభావముచేత వేటాడు జంతువు. పరుగెత్తు పక్షిని చూచినచో దానిని తరిమి పట్టవలెనను కోరిక దానికి పుట్టుకతోనే కలదు. అట్టి జంతువు నోటికందు దూరమున నున్న బాతును కఱవక, దారి తప్పిన దానిని మందలోనికి మాత్రము మరలింపవలెను. కాపరి పిలుపును వినవలెను. అతని చేతి సైగను చూడవలెను. మంద పోకడను కనిపెట్టవలెను. ఇది కాళ్ళతో చేయు పనియే కాదు, బుద్ధితో చేయు పని. దినమంతయు ఇట్లు పని చేసిన కుక్కకు రాత్రి కంటినిండ నిద్ర పట్టుచుండెను.

కాలము మారినది. 1970వ దశకమునుండి కొల్లేటిలో చేపల చెరువులు విస్తరింపజొచ్చెను. చెరువులు పెరిగినకొలది బాతుల మందలు తగ్గెను. మందలు తగ్గుటతో జాగిలమునకు పని పోయెను. పని పోయిన జంతువును పోషించువారు అరుదు. విడిచిపెట్టబడిన జాగిలములు ఆకలిచే చెరువులలోని చేపలను పట్టి తినుచుండుటవలన, కొందఱు చెరువుల యజమానులు వానిని శత్రువులుగా నెంచి చంపించిరి. నిన్నటివరకు మందను కాచిన చేతికఱ్ఱవంటి జాగిలము నేడు దొంగయైనది. జాగిలము స్వభావము మారలేదు. దానికి పని చెప్పువారు మాత్రము లేకపోయిరి.

1999వ సంవత్సరమున కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002వ సంవత్సరమున అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల పట్టికలో చేరెను. 2006వ సంవత్సరమున సరస్సులోని చేపల చెరువులను పెక్కింటిని ప్రభుత్వము తొలగించెను. దూరదేశములనుండి వచ్చు పక్షులకు ఇట్లు కొంత రక్షణ లభించెను. కాని జాగిలము పని దానికి తిరిగి రాలేదు. ఈ జాతి నశింపరాదని కొందఱు ఔత్సాహికులు జోనంగులను తమ ఇండ్లలో పెంచుచున్నారు. ఇంట పెరుగు జాగిలమునకు బాతులు లేవు, పొలములు లేవు. మఱి దాని బుద్ధికి పని యేది?

ఈ ప్రశ్న జోనంగికి మాత్రమే చెందినది కాదు. విజయవాడవంటి నగరమున మేడమీది ఇండ్లలో పెరుగు కుక్కలన్నిటికిని ఇది వర్తించును. వేళకు అన్నము పెట్టి, మెడకు గొలుసు తగిలించి, ప్రొద్దుటినుండి రాత్రివరకు ఒక మూల కట్టివేసినచో కుక్క కడుపు నిండును గాని మనస్సు నిండదు. అప్పుడది తన పనిని తానే కల్పించుకొనును. చెప్పులను కొఱుకును, పూలకుండీలలోని మట్టిని త్రవ్వును, మెట్లపై అడుగుల చప్పుడైనచో అలుపు లేక మొరుగును, ఒక్కొక్కప్పుడు తన తోకను తానే పట్టుకొనబోయి గిరగిర తిరుగును. చూచువారు దీనిని దుష్టత్వమందురు. అది చాలవరకు తీరిక తెచ్చిన తంటా.

ఇందుకు సులభమైన మందు కలదు. అది చదువు. కూర్చొనుట, చేయి ఇచ్చుట, దాచిన వస్తువును వెదకి తెచ్చుట మొదలగు చిన్న విద్యలను కుక్కకు నేర్పుటయే ఆ చదువు. ఇవి వినోదములవలె కనబడును. కాని కుక్కకు ఇవి పనియే. 2014వ సంవత్సరమున స్వీడన్ దేశపు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు బీగిల్ జాతి కుక్కలపై ఒక పరీక్ష జరిపి, దాని ఫలితములను ప్రకటించిరి. కొన్ని కుక్కలు ఒక పరికరమును తమంత తాము కదల్చి బహుమతిని సంపాదించెను. మఱికొన్నిటికి అవి యేమి చేసినను, చేయకున్నను అదే బహుమతి లభించెను. తినుబండారము ఇద్దఱకును సమానమే. కాని సొంత ప్రయత్నముచే దానిని సంపాదించిన కుక్కలే ఎక్కువగా తోకలాడించుచు ఉత్సాహము చూపెను. సాధించితినను సంతోషము మనుష్యునకే కాక కుక్కకును కలదని దీనివలన ఊహింపవచ్చును.

కుక్క ఎట్లు నేర్చుకొనును? ఈ విషయమున ఇద్దఱు శాస్త్రజ్ఞులు దారి చూపిరి. అమెరికాదేశీయుడగు థార్న్‌డైక్ 1898వ సంవత్సరమున జంతువుల తెలివినిగూర్చి తన పరిశోధనలను ప్రకటించెను. ఏ పని చేసిన పిదప సుఖము కలుగునో ఆ పనిని జంతువు మరల మరల చేయుననియు, సుఖము కలిగింపని పని క్రమముగా తగ్గిపోవుననియు అతడు గుర్తించెను. రష్యాదేశీయుడగు పావ్లోవ్ జీర్ణక్రియనుగూర్చి చేసిన కృషికి 1904వ సంవత్సరమున నోబెల్ బహుమతిని పొందెను. ఆహారమునకు ముందుగా ఒక సంకేతమును పలుమారులు వినిపించినచో, పిదప ఆ సంకేతమును విన్నంతనే కుక్క నోట లాలాజలమూరునని అతడు కనుగొనెను. సంకేతమునకును ఫలమునకును గల ముడి కుక్క మనస్సున అంత గట్టిగా పడును. గురువు ఈ రెండు సత్యములను ఎఱిగియున్న చాలును.

మొదటి పాఠము కూర్చొనుట. ఉడికిన గ్రుడ్డుముక్కను గాని, ఎముక లేని కోడిమాంసపు తునుకను గాని శనగగింజంత పరిమాణమున వ్రేళ్ళ నడుమ పట్టుకొనవలెను. దానిని కుక్క ముక్కు నొద్ద చూపి, మెల్లగా తలమీదుగా వెనుకకు కదల్పవలెను. ముక్కు పైకి లేచినకొలది నడుము క్రిందికి దిగును. కూర్చున్న మఱుక్షణముననే మెచ్చుకొని తునుకను అందీయవలెను. ఆలస్యము చేసినచో కుక్క లేచి నిలుచును. అప్పుడు బహుమతి లేచినందుకే వచ్చినదని తలచును. చేతి కదలికకు కుక్క తప్పక కూర్చొనుట అలవడిన పిదప, ఆ కదలికకు ముందుగా “కూర్చో” అను మాటను చేర్పవలెను. ఇంటిలో ఒకరు “కూర్చో” అనియు, వేఱొకరు “క్రింద” అనియు, ఇంకొకరు “సిట్” అనియు అన్నచో కుక్క తికమకపడును. అందఱును ఒకే మాట వాడవలెను.

రెండవ పాఠము చేయి ఇచ్చుట. తునుకను పిడికిట దాచి కుక్క యెదుట నేలకు దగ్గరగా పట్టవలెను. అది మొదట వాసన చూచును, పిదప నాకును, చివరకు ముందుకాలితో గీరును. కాలు తగిలినంతనే పిడికిలి విప్పవలెను. కొన్ని దినములకు వట్టి అరచేయి చాపినను కుక్క కాలునెత్తి అందుంచును. ఈ పాఠమున గమనింపదగిన దొకటి కలదు. ఇక్కడ ఎవరును కుక్క కాలును పట్టి లాగలేదు. ఉపాయమును అదియే కనుగొన్నది. అట్లు కనుగొన్న విద్య దానికి చిరకాలము జ్ఞాపకముండును.

మూడవ పాఠము వెదకుట. కుక్కకు కన్నుకంటె ముక్కు ఎక్కువ. మూడు కొబ్బరిచిప్పలను బోర్లించి, కుక్క చూచుచుండగా ఒకదానిక్రింద తునుకను ఉంచవలెను. అది సరియైన చిప్పను ముక్కుతో తాకినంతనే చిప్పనెత్తి తునుకను ఈయవలెను. తరువాత కుక్క చూడకుండ దాచవలెను. క్రమముగా వేఱు గదిలోను, తలుపు వెనుకను, చాప మడతలోను దాచవచ్చును. వానకాలమున బయట తిరుగుటకు వీలులేని దినములలో ఈ ఆట మిక్కిలి ఉపకరించును.

ఒక్కొక్క పాఠము ఐదు నిమిషములకు మించరాదు. దినమునకు రెండు మూడు పర్యాయములు చాలును. కుక్క ఆవులించుచు, ముఖము త్రిప్పుకొనుచు ఉన్నచో అది అలసినదని గ్రహింపవలెను. తెలిసిన పనినొకదానిని చేయించి, మెచ్చుకొని, పాఠమును ముగింపవలెను. గెలుపుతో ముగిసిన పాఠమునకు కుక్క మఱునాడు ఉత్సాహముతో వచ్చును.

ఓపిక గల గురువు దొరకినచో కుక్క ఎంత నేర్వగలదో తెలుపుటకు అమెరికాలోని ఛేసర్ అను కుక్క నిదర్శనము. అది బోర్డర్ కోలీ జాతికి చెందినది. గొఱ్ఱెల మందలను కాయుట ఆ జాతి వృత్తి. జాన్ పిల్లే అను విశ్రాంత మనస్తత్వశాస్త్రాచార్యుడు దానికి మూడు సంవత్సరములు పాఠములు చెప్పి, 1022 బొమ్మల పేర్లను నేర్పెను. ఏ పేరు పలికిన ఆ బొమ్మను అది ఏరి తెచ్చుచుండెను. ఈ వృత్తాంతము 2011వ సంవత్సరమున శాస్త్రపత్రికలో ప్రకటింపబడెను. ఇంట పెరిగిన ఆ కుక్కకు బొమ్మలే మందయైనవి. ప్రతి కుక్కయు ఇన్ని పేర్లు నేర్వజాలదు. నేర్వవలసిన పనియు లేదు. పది పేర్లు నేర్చినను దాని దినములు శూన్యముగా నుండవు.

చదువు చెప్పుటలో కఱ్ఱకు తావు లేదు. నన్నయభట్టారకుని ఆంధ్ర మహాభారతము ఆదిపర్వమున సరమ కథ కలదు. సరమ దేవతల కుక్క. దాని పిల్ల జనమేజయుని యజ్ఞభూమికి పోగా, ఆ రాజు తమ్ములు నిష్కారణముగా దానిని కొట్టిరి. సరమ రాజు నొద్దకు వచ్చి, దోషము చేయని దీనులను బాధించువారికి తలవని తలంపుగా భయము కలుగునని చెప్పి వెడలిపోయెను. ఇంటి కుక్కలకు తగులు దెబ్బలు చాలవరకు ఇట్టివే. కుక్క ఉదయము చాపను చింపగా, యజమాని సాయంకాలము వచ్చి కొట్టును. చినిగిన చాపకును పడిన దెబ్బకును గల సంబంధము కుక్కకు తెలియదు. యజమాని ఇంటికి వచ్చినచో దెబ్బలు పడునని మాత్రము తెలియును. 2020వ సంవత్సరమున పోర్చుగల్ దేశపు పోర్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన అధ్యయనమున, గద్దింపులతోను దండనతోను శిక్షణ పొందిన కుక్కలు, బహుమతులతో నేర్చిన కుక్కలకంటె ఎక్కువ కలతను చూపినట్లు తేలెను.

ప్రేమతో నేర్పు చదువువలన గురువునకును లాభమే. 2015వ సంవత్సరమున జపానుదేశపు శాస్త్రజ్ఞులు కుక్కయు యజమానియు ఒకరి కన్నులలోనికి ఒకరు చూచుకొనుటనుగూర్చి పరిశోధించిరి. ఎక్కువసేపు అట్లు చూచుకొన్న జంటలలో తల్లికిని శిశువునకును నడుమ అనురాగమును పెంచు ఆక్సిటోసిన్ అను రసము ఇరువురియందును అధికమైనట్లు వారు కనుగొనిరి. పాఠము జరుగునప్పుడు కుక్క మాటిమాటికిని గురువు ముఖమును చూచును. గురువును దాని చెవుల కదలికను, తోక ఊపును, చూపును గమనించుటకు అలవాటుపడును. కుక్క ఒక మాట నేర్చునంతలో గురువు దాని భాషను సగము నేర్చును.

కొన్ని జాగ్రత్తలు అవసరము. విజయవాడలో వేసవి ఎండ మిక్కిలి తీవ్రము. కాగిన తారురోడ్డుపై కుక్క పాదములు బొబ్బలెక్కును. కావున ఎండకాలమున పాఠములు తెల్లవాఱుజామునను, ప్రొద్దు గ్రుంకిన పిదపను జరుపవలెను; దగ్గర నీటిగిన్నె ఉంచవలెను. చాకలెట్టు, ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్ష, ఉల్లిపాయలు కుక్కకు విషతుల్యములు. బహుమతిగా నైనను ఈయరాదు. వెనుకకాళ్ళపై చాలసేపు నిలుచుట, ఎత్తునుండి దుముకుట వంటివి పిల్లకుక్కల చేతను, ముసలికుక్కల చేతను చేయింపరాదు. చూపరుల నవ్వుకొరకు జంతువును బాధించు విద్య విద్య కాదు. పెంపుడుకుక్కకు క్రమము తప్పక రేబిస్ టీకా వేయింపవలెను. బాలబాలికలు పరిచయము లేని వీధికుక్కలపై ఈ ప్రయోగములు చేయరాదు. కుక్క కఱచినను, గీరినను ఆ గాయమును వెంటనే పదునైదు నిమిషములు సబ్బుతోను ధారగా పారు నీటితోను కడిగి, ఆలస్యము లేక వైద్యుని కడకు పోవలెను.

కొల్లేటి జాగిలమునకు బాతుల మందను ఎవరును తిరిగి తెచ్చి ఈయలేకపోవచ్చును. కాని ఆ మందను కాచిన తెలివి దాని రక్తములో ఇంకను ఉన్నది. ఊరకుక్క యందును, విదేశపు జాతికుక్క యందును అట్టి తెలివి తగినంత కలదు. దానికి అన్నముతోపాటు దినమునకు ఒక పది నిమిషముల చదువు చెప్పుట పెంచువారి విధి. కుక్కను తెచ్చి ఇంట కట్టుట సులభము. దానికి పని కల్పించినవారే దానిని పెంచినవారు.