మీకు తెలుసా? కడిగిన కారు మీద తెల్ల మచ్చలు ఎందుకు పడతాయో!

శుభ్రంగా కడిగిన కారు కాసేపట్లోనే బానెట్ నిండా తెల్ల చుక్కలతో కనిపిస్తుంది. నల్ల కారైతే మరీను. సబ్బు పెట్టి కడగడంతో సగం పనే అయినట్టు. నీళ్లు ఆరిపోకముందే వాటిని తీసేయడం మిగతా సగం.

చుక్క ఎక్కడిది?
భూగర్భ జలంలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లు కరిగి ఉంటాయి. కరిగి ఉన్నంతసేపూ కంటికి కనబడవు. బొట్టు ఆరుతున్నకొద్దీ కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలిసిపోయి, కాల్షియం కార్బొనేట్ గట్టిగా మిగులుతుంది. అది మామూలు నీళ్లలో దాదాపుగా కరగదు. అందుకే మచ్చ పడ్డాక ఎన్ని నీళ్లు పోసినా పోదు. నీళ్లు కాచే హీటరు రాడ్డుకు పట్టే తెల్ల పెచ్చులోనూ ప్రధానంగా ఉండేది ఇదే.

లీటరుకు అర గ్రాము
తాగునీటికి మన దేశం పెట్టుకున్న ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం నీళ్లలో కరిగిన పదార్థాలు, అంటే టీడీఎస్, లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు ఒప్పుకుంటారు. ఈ లెక్కన తాగడానికి పనికొచ్చే నీళ్లే ఒక లీటరు కారు మీద ఆరిపోతే అర గ్రాము దాకా పొడి మిగలొచ్చు. ఉప్పదనం తెలిసే బోరు నీళ్లయితే ఇంకా ఎక్కువ.

మచ్చ రింగులా ఎందుకుంటుంది?
ఆరేటప్పుడు బొట్టు అంచు ఉన్నచోటే అతుక్కుని ఉంటుంది. అక్కడ నీరు వేగంగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచు వైపు పారుతూ, తనలో ఉన్నదంతా మోసుకెళ్లి అక్కడ వదిలేస్తుంది. షికాగో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డీగన్, సిడ్నీ నాగెల్, వారి సహచరులు ఈ సంగతిని 1997లో ‘నేచర్’ పత్రికలో వివరించారు. వాళ్లు తీసుకున్న ప్రశ్న: ఒలికిన కాఫీ మరక అంచే ఎందుకు చిక్కగా ఉంటుంది?

ఆర్వో వృథా నీళ్లు వద్దు, ఏసీ నీళ్లు ముద్దు
ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లతో కారు కడిగేవాళ్లు చాలామంది. నీళ్లు పారబోయకూడదన్న ఆలోచన మంచిదే. అయితే తాగే నీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ చేరేది వాటిలోకే. వాటిని తొలి విడత మట్టి వదిలించడానికి, టైర్లకు వాడుకోండి. చివరగా పోయడానికి మాత్రం ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టి ఉంచుకోండి. గాల్లోని తేమ చల్లబడి అలా నీరవుతుంది కాబట్టి అందులో ఖనిజాలు దాదాపు ఉండవు. గుడ్డతో వడకట్టుకుంటే నలుసులూ పోతాయి. పైనుంచి నెమ్మదిగా పోస్తే ఒక బకెట్టుతోనే చాలా వరకు సరిపెట్టుకోవచ్చు.

నీడలో, కొంచెం కొంచెంగా
ఎండలో నిలిపిన కారు రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది. దాని మీద పడ్డ నీళ్లు గుడ్డ అందుకునేలోపే ఆరిపోతాయి. ఉదయం పూటో, ఎండ తగ్గాకో, ఇంజను చల్లారాక కడగాలి. తుడిచేటప్పుడు టాపుతో మొదలుపెట్టి కిందికి రావాలి. అద్దాల మీద మచ్చలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి కాబట్టి టాపు తర్వాత వాటి వంతు. పెద్ద కారైతే తుడిచేలోపు మిగతా భాగం ఆరిపోకుండా మళ్లీ కాస్త తడపాలి.

నాజిల్ తీసేయండి
సబ్బు వదిలించాక పైపుకున్న నాజిల్ తీసేసి, సన్నటి ధారను టాపు మీద వదలండి. చిమ్మితే నీళ్లు వేల బొట్లుగా విడిపోయి ఎక్కడివక్కడ నిలుస్తాయి. ధారగా పోస్తే ఒక పొరలా జారుతూ, దారిలోని బొట్లను కలుపుకుని కిందికి లాగేస్తాయి. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే గుణమే దీనికి కారణం. తుడవాల్సిన నీళ్లు సగానికి సగం తగ్గినట్టు మీకే తెలుస్తుంది.

పాత బనియను ఎందుకు పనికిరాదు?
పాత బట్టల కుట్లు, అంచులు, వాటిలో చిక్కుకున్న ఇసుక రేణువులు పెయింటు మీద సన్నటి గీతలు పెడతాయి. మైక్రోఫైబర్ పోగులు పట్టు పోగుకన్నా సన్నవి. వాటి మధ్య సందులు లెక్కలేనన్ని కాబట్టి నీళ్లను ఇట్టే పీల్చుకుంటాయి. జపాన్‌లో టోరే కంపెనీకి చెందిన మియోషి ఒకమోటో 1970లో ఇలాంటి అతి సన్నని పోగును తయారుచేశారు. గుడ్డను రుద్దకుండా, పరిచి మెల్లగా లాగండి. ఉతికేటప్పుడు మెత్తదనం కోసం కలిపే ద్రావణం వేయకండి. అది పోగులకు పూతలా పట్టి, పీల్చే గుణాన్ని తగ్గిస్తుంది.

చిప్‌ల ఫ్యాక్టరీలోనూ ఇదే గొడవ
కంప్యూటర్ చిప్‌లు తయారయ్యే సిలికాన్ పలకలను కడిగాక ఒక్క బొట్టు ఆరినా ఆ చోట మచ్చ పడి, చిప్ పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకే వాటిని అతి శుద్ధమైన నీళ్లతో కడుగుతారు. నీళ్లలోంచి పలకను పైకి తీసేటప్పుడు ఆల్కహాలు ఆవిరి తగిలేలా చూసే పద్ధతీ ఉంది. ఆవిరి సోకిన చోట నీటి తలతన్యత తగ్గి, నీళ్లు తమంతట తామే వెనక్కి జారిపోతాయి. ఫిలిప్స్ పరిశోధకులు 1990లో ప్రకటించిన ఈ పద్ధతికి ఇటలీ శాస్త్రవేత్త కార్లో మారంగోనీ పేరు పెట్టారు. అక్కడైనా మన వాకిట్లోనైనా సూత్రం ఒక్కటే: నీళ్లను నీళ్లుగా ఉండగానే తీసేయాలి.

వ్యాక్స్ ఉందని వదిలేయకండి
వ్యాక్స్ పెట్టిన కారు మీద నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి. చూడముచ్చటగా ఉన్నా, అలాగే ఆరనిస్తే ఒక్కో ముత్యం ఒక్కో మచ్చ అవుతుంది. వ్యాక్స్ వల్ల మేలేమిటంటే ఆ బొట్లు తేలిగ్గా జారిపోతాయి, తుడవడం సులువవుతుంది.

దాక్కున్న నీళ్లు
అంతా తుడిచాక అద్దాల డొప్పలు, తలుపుల పిడులు, నంబరు ప్లేటు వెనక నుంచి నీళ్లు చారలుగా కారతాయి. తలుపులు, డిక్కీ ఒకసారి తెరిచి అంచులు తుడవండి. తర్వాత కారును కాస్త దూరం నడిపి, మెల్లగా బ్రేకు వేస్తూ రండి. దాగిన నీళ్లు రాలిపోతాయి, బ్రేకు డిస్కులూ ఆరతాయి.

పడిన మచ్చ పోవాలంటే?
తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, చల్లగా ఉన్న రేకు మీద తడిగుడ్డతో అద్ది, కొద్ది క్షణాల్లోనే మంచినీళ్లతో కడిగి తుడిచేయండి. అందులోని ఆమ్లం కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తుంది. సిలికా ఎక్కువున్న నీళ్ల మచ్చ మాత్రం వెనిగర్‌కు లొంగదు, పాలిష్ పట్టాల్సిందే. రంగును కాపాడే పైపూత మందం మాత్రం సాధారణంగా మన తల వెంట్రుకకన్నా తక్కువ. పాలిష్ పట్టిన ప్రతిసారీ అది మరికాస్త అరుగుతుంది. కడిగిన వెంటనే తుడిచేస్తే ఆ అరుగుదల తప్పుతుంది, కారు మెరుపు ఏళ్ల తరబడి నిలుస్తుంది.