రంపాల జాతర: చైన్‌సా ప్రేమికుల విశేషాలు

ఎడ్ల బండలాగుడు చూడ్డానికి ఊళ్లకు ఊళ్లు కదిలినట్టే, అమెరికాలో చైన్‌సాల కోసం కదిలేవాళ్లున్నారు. సెలవు రోజున ఎవరో ఒకరి పొలంలో కలుస్తారు. పికప్ ట్రక్కుల నిండా కొత్తవీ పాతవీ రంపాలు దిగుతాయి. చెట్లు నరకడానికి కాదు. ఒకరి మిషన్ ఇంకొకరు పట్టుకుని కోసి చూడ్డానికి, బేరాలాడుకోవడానికి, ఆనక భోజనాలకు!

అక్కడ సరదాకి కోత పందేలూ వేసుకుంటారు. వాటికి చాలాచోట్ల గుండ్రటి దుంగ పెట్టరు, పలకలుగా చెక్కిన దూలాన్ని స్టాండుకెక్కిస్తారు. దుంగైతే ఒక కొస లావు, ఇంకో కొస సన్నం. దూలమైతే ఎక్కడ కోసినా అదే మందం. ఓడినవాడు కర్ర మీద నెపం వేయలేడు.

పాత బజాజ్ స్కూటర్ తోలినవాళ్లకు అక్కడి పొగ వాసన కొత్తగా ఉండదు. పెట్రోలు చైన్‌సాల్లో ఎక్కువ భాగం టూ-స్ట్రోక్ ఇంజన్లే. నేటి మిషన్లు చాలావాటికి 50 పాళ్ల పెట్రోలులో ఒక పాలు ఆయిల్ కలపాలి.

అసలు గొలుసు రంపం పుట్టింది అడవిలో కాదు, వైద్యుల చేతుల్లో! 18వ శతాబ్దం చివర్లో స్కాట్లండ్ వైద్యులు జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే పళ్లున్న చిన్న గొలుసును వాడారు. కాన్పు కష్టమైనప్పుడు కటి ఎముకల మధ్య కీలును కోయడం దాని పనుల్లో ఒకటి. మత్తుమందు లేని రోజులవి.

ఇంజన్ మోత ఎంతైనా ఉండనీండి, పందెం గెలిపించేది గొలుసు పదునే అంటాను. నేటి గొలుసు కథ ఒక పురుగుతో మొదలైంది. 1946లో ఒరెగాన్ అడవుల్లో పనిచేసే జోసెఫ్ కాక్స్, మొద్దును తొలుస్తున్న ఓ కలపపురుగు లార్వాను చూశాడు. అది నిలువుగా, అడ్డంగా అని చూడకుండా కలపను ఇట్టే తినేస్తోంది. దవడలు కుడికీ ఎడమకీ ఆడుతున్నాయి. ఆ దవడల తీరునే ఉక్కులో దించి, పళ్లను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు అమర్చాడు. 1947లో పోర్ట్‌లాండ్‌లోని తన ఇంటి నేలమాళిగలో వ్యాపారం మొదలెట్టాడు. ఇవాళ్టి గొలుసులు చాలావరకు ఆ వంశానివే. పదును పోయిందో లేదో పొట్టే చెబుతుంది: పెచ్చులుగా రాలితే గొలుసు బాగున్నట్టు, పిండిలా రాలితే ఆకురాయి పట్టాల్సిందే.

జర్మనీ కంపెనీ స్టీల్ 1959లో తెచ్చిన 'కాంట్రా' బరువు సుమారు 12 కిలోలు. అంతకు ముందటి తొలి మిషన్లనైతే ఇద్దరు పట్టుకుని మోయాల్సి వచ్చేది.

రంపాలు అమ్మి వంతెన కొన్నవాడూ ఉన్నాడు. చైన్‌సాల వ్యాపారి రాబర్ట్ మెకల్లోక్ 1968లో పాత లండన్ బ్రిడ్జిని 24.6 లక్షల డాలర్లకు కొన్నాడు. రాళ్లకు నంబర్లేయించి అరిజోనా ఎడారికి తరలించి, తాను కట్టిన లేక్ హవాసు సిటీలో మళ్లీ నిలబెట్టాడు. 1971లో అది ప్రారంభమైంది.

పోటీ పెద్దదైతే టింబర్‌స్పోర్ట్స్. 1985 నుంచీ జరుగుతోంది. అందులో 'హాట్ సా' చూసి తీరాలి: సొంతంగా తయారుచేసుకున్న మిషన్‌తో 15 సెంటీమీటర్ల లోపలే మూడు నిండు బిళ్లలు కోయాలి. కొందరు మంచు స్కూటర్ల ఇంజన్లు బిగించుకొస్తారు.

చివరిగా ప్యాంటు సంగతి. రంపం పట్టేవాళ్లు వేసుకునే రక్షణ ప్యాంటులో పొడవాటి దారాల పొరలుంటాయి. గొలుసు తగిలితే ఆ దారాలు బయటికి ఊడివచ్చి పళ్లచక్రానికి చుట్టుకుని, రంపాన్ని ఆపేస్తాయి. మన దగ్గరా రంపాల అవసరం తక్కువేం కాదు: 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖలో చెట్లను కూల్చినప్పుడు దారులు తెరవడానికి రంపాలే దిక్కయ్యాయి. కానీ మనవైపు ఆ ప్యాంటు లేకుండా లుంగీ ఎగ్గట్టి, చెప్పులతో చైన్‌సా పట్టేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. మీ పెరట్లో చెట్టు కోయించేటప్పుడు మిషన్ అద్దెతోపాటు ఆ ప్యాంటు, హెల్మెట్, బూట్లు కూడా ఉన్నాయా అని అడగండి.