గేయ పరిశీలనము - శ్రవణ సంస్కారము

రాయవేలూరు, గుడియాత్తము ప్రాంతములు తెలుగు, తమిళము పక్కపక్కనే వినవచ్చు సీమలు. చిత్తూరు మండలమున పుట్టిన కౌండిన్యనది గుడియాత్తము నొరసికొని పాలారువైపు సాగును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు చిత్తూరు, పలమనేరు, గుడియాత్తము, వేలూరు ఒకే ఉత్తరార్కాటు జిల్లాలో నుండెను. ఇచటి తెలుగు కుటుంబములు పెక్కింట భాష నాలుకపై నిలిచినది గాని లిపి కనుమరుగైనది. 2006 నాటి చట్టముచే పాఠశాలలలో పదవ తరగతివరకు తమిళము క్రమముగా నిర్బంధ పాఠ్యమైనది. పిల్లలు తమిళము చక్కగా నేర్చుట మేలే. అయినను తెలుగు చదువు సన్నగిల్లిన ఇంట, కచేరీలో వినవచ్చు తెలుగు కీర్తన అర్థమెరుగని మధురధ్వనిగా మిగులుచున్నది. గేయమును విడదీసి పరిశీలించు అభ్యాసము ఈ లోటును ఎట్లు తీర్చునో విచారింపవలసియున్నది.

మొదట సాహిత్యము. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరము. త, థ, ద, ధలకును, ప, ఫ, బ, భలకును అట్లే. కావున 'పాద' మనినను 'బాధ' యనినను వ్రాత ఒకటే యగును. భక్తుడు కోరునది స్వామి పాదమా, మొరపెట్టుకొనునది తన బాధయా యను భేదము కాగితముమీద అదృశ్యమగును. ఈ చిక్కు నెరిగియే తమిళమున అచ్చైన కీర్తన గ్రంథములు కొన్ని అక్షరములపై 2, 3, 4 అను అంకెలు వేయుచుండును. ఆ అంకెల ప్రయోజనము గ్రహించిన శ్రోత అటుపిమ్మట గాయకుని ఉచ్చారణము నేమరుపాటుగా వినజాలడు.

రెండవది పదచ్ఛేదము. రాగవిస్తారమున ఒక్కొక్క అచ్చు దీర్ఘముగా సాగును; ఊపిరికై గాయకుడు పదము నడుమ ఆగుటయు కలదు. 'రాముని' యను మాట 'రా' యని ఒకచోట, 'ముని' యని మరియొకచోట పడినచో, తెలియని చెవికి ఋషి యెవరో వచ్చినట్లు తోచును. పాఠమును ముందుగా చదివినవాడు 'రా' వినగానే మిగిలిన పదమునకై ఎదురుచూచును. ఆ నిరీక్షణమే శ్రవణానందమున ఒక భాగమగును.

మూడవది ప్రాస. త్యాగరాజస్వామి కృతులలో పల్లవి రెండవ అక్షరమునకును అనుపల్లవి రెండవ అక్షరమునకును సాధారణముగా ప్రాస కుదురును. పద్యమున కన్నుకు కనబడు ఈ మైత్రి పాటలో స్వరములచాటున దాగును. దాని నెరిగిన శ్రోతకు అనుపల్లవి ఎత్తుకొనగానే పల్లవి స్ఫురించును. రాగము పైస్థాయికి పోయినను సాహిత్యము ఇంటిగడపను మరువలేదని తెలియును.

నాల్గవది స్వరసాహిత్యముల పొందిక. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోని ఘనరాగ పంచరత్నములలో మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. వీనిలో చరణములను స్వరములతో పాడి, పిదప అవే స్వరములపై సాహిత్యమును పాడుదురు. పరిశీలనము లేనివానికి ఇది ఒకే వరుసను రెండుమారులు పాడినట్లుండును. ఎరిగినవాడు మాత్రము ఏ స్వరముపై ఏ అక్షరము కూర్చుండెనో, ఎచట హ్రస్వము తాళముతో పరుగెత్తెనో గుర్తించును.

ఇట్టి పరిశీలనము ఈ సీమకు క్రొత్తది కాదు. వేలూరునకు తూర్పున, నేడు రాణిపేట జిల్లాలోనున్న వాలాజాపేటలో స్థిరపడిన వేంకటరమణ భాగవతులు (1781-1874) త్యాగరాజస్వామికి ప్రత్యక్ష శిష్యులు. వారి మాతృభాష సౌరాష్ట్రము. అయినను గురువు పాటలను సేకరించి భద్రపరచుటలో వారును వారి కుమారులు కృష్ణస్వామి భాగవతులును చేసిన సేవ అపారము. ఆ వ్రాతప్రతులు మధుర సౌరాష్ట్ర సభకు చేరినవి. వాలాజాపేట, ఉమయాళ్‌పురము, తిల్లైస్థానము అను మూడు శిష్యపరంపరల పాఠములను పోల్చినచో ఒకే కృతిలో సంగతులు భిన్నముగా నుండుట కనబడును. ఎట్టయపురమునుండి 1904లో వెలువడిన సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' గమకములకు సైతము గుర్తులు కల్పించినది. తమిళదేశమధ్యమున అచ్చైన ఆ మహాగ్రంథము తెలుగు లిపిలోనిదే.

విడదీసినచో రసము చెడునని కొందరు శంకింతురు. గుడియాత్తము లుంగీల నేతకు ప్రసిద్ధము. పడుగేదో పేకేదో ఎరిగినవాడు గళ్ల బట్టను చూచినపుడు రంగుల సొగసుతోపాటు రెండు నూళ్లు కలసిన నేర్పునుగూడ చూచును. పాటయు అట్టిదే. అయితే తొలి శ్రవణమున లెక్కింపు కూడదు. పాట నిండుగా చెవికి సోకవలెను. పిదప పాఠము చదివి, పదములు విడదీసి, తాళము వేసి చూచి, మరల వినవలెను. తొలిదినములలో దృష్టి చెదరుట సహజము. అలవాటైనకొలది విడివిడిగా నేర్చినవన్నియు ఒక్కటై వినబడును.

తెలుగు సంఘములు నెలకొక్క కృతిని గైకొని, దాని పాఠమును తెలుగు లిపిలో బాలురచే చదివించి, ఇరువురు గాయకుల పాటలను వినిపించినచో చాలును. పరీక్షకై నేర్చిన అక్షరము మరువబడవచ్చును గాని, పాటకై నేర్చినది ఆ పాట వినబడినప్పుడెల్ల మరల పలుకును.