దారి తెలియని నడకకు లెక్క

గాలిలోని అణువు ఎక్కువ దూరం తిన్నగా పోలేదు. మిల్లీమీటరులో సుమారు పదిహేను వేలవ వంతు సాగేలోపే మరో అణువును ఢీకొని దారి మళ్లుతుంది. ఇలాంటి అభిఘాతాలు సెకనుకు వందల కోట్లు. రెండు అభిఘాతాల మధ్య అణువు సాగే సగటు దూరమే సగటు స్వేచ్ఛా పథం. ఈ నడకలో శ్రమకు తగ్గ ఫలం దక్కదు. వంద అడుగులు వేసిన అణువు బయల్దేరిన చోటికి ఇంచుమించు పది అడుగుల దూరంలో తేలుతుంది. పది వేలు వేస్తే నూరు అడుగుల దూరంలో. అందుకే గాలి బొత్తిగా కదలని గదిలో నెల్లూరు చేపల పులుసు వాసన మీటరు దూరం పాకడానికి గంటలు పట్టాలి. నిజానికి అది నిమిషంలో వీధి చివరికి చేరుతోందంటే గాలి వీచడం వల్లే.

ఈ నడకకు లెక్క కట్టే పని 1905లో రెండు చోట్ల జరిగింది. ఐన్‌స్టైన్ ఆ ఏడాది జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన డాక్టరేట్ సిద్ధాంత వ్యాసం, చక్కెర ద్రావణం చిక్కదనాన్ని బట్టి అణువు పరిమాణాన్ని లెక్కగట్టేది. అదే ఏడాది వెలువరించిన మరో వ్యాసంలో ఆయన నీటిలో తేలే రేణువుల తత్తరపాటును వివరించాడు. రెండో కథకు మూలం తెలుగు నేల మీద ఉంది. 1897 ఆగస్టులో సికింద్రాబాదు బేగంపేటలో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న రోనాల్డ్ రాస్‌కు తరవాత ఒక సందేహం వచ్చింది: ఒకచోట దోమల్ని నిర్మూలిస్తే చుట్టుపక్కల నుంచి ఎన్ని వచ్చి చేరతాయి? గణిత శాస్త్రజ్ఞుడు కార్ల్ పియర్సన్ దాన్ని దిక్కు లేని నడక సమస్యగా మార్చి నేచర్ పత్రికలో పాఠకుల ముందుంచాడు. లార్డ్ రేలీ జవాబిచ్చాడు. అణువుకూ దోమకూ సరిపోయే లెక్క అలా ఒకే ఏడాదిలో దొరికింది.

అయితే ఈ లెక్కలో పెద్ద అడుగుకు చోటు దాదాపు లేదు. సగటు స్వేచ్ఛా పథానికి పదిరెట్ల దూరం అడ్డు లేకుండా పోయే అవకాశం ఇరవై రెండు వేలలో ఒకటి. ఇరవై రెట్లయితే సుమారు 48 కోట్లలో ఒకటి. ఫ్రెంచి గణిత శాస్త్రజ్ఞుడు పాల్ లెవీ పేరు మీదున్న నడక వేరు. అందులో ఒక రకాన్ని చూస్తే, రెట్టింపు పొడవు అడుగులు నాలుగో వంతు, పదిరెట్ల పొడవువి నూరో వంతు పడతాయి. ఒకచోట చిన్న చిన్న అడుగులతో గాలించి, ఉన్నట్టుండి దూరంగా దూకి, అక్కడ మళ్లీ గాలించడం దీని తీరు. లేజరుతో చల్లబరిచిన పరమాణువులు దాదాపు నిశ్చలంగా ఉండిపోయే కాలాలకూ ఇలాంటి గణాంకాలే వర్తిస్తాయని 1994లో బార్డూ, బూషో, ఆస్పే, కోహెన్-టానూజీ తదితరులు చూపారు.

పరమాణువుల నుంచి పక్షుల మీదికి ఈ లెక్క వచ్చిన తీరు ఆసక్తికరం. 1996లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న గాంధీమోహన్ విశ్వనాథన్, సహచరులతో కలిసి, దక్షిణ జార్జియా దగ్గరి బర్డ్ దీవి ఆల్బట్రాస్‌ల సమాచారాన్ని విశ్లేషించాడు. పక్షుల కాళ్లకు కట్టిన పరికరాలు తడిగా ఉన్నాయా, పొడిగా ఉన్నాయా అన్నది మాత్రమే నమోదు చేసేవి. తడి అంటే పక్షి నీటి మీద వాలింది, పొడి అంటే ఎగురుతోంది అని లెక్క. ఎగిరిన వ్యవధులు లెవీ తీరులో కనిపించాయి. మేత ఎక్కడుందో తెలియక, అది అరుదుగా దొరికేచోట ఈ నడకే మేలని 1999లో విశ్వనాథన్ బృందం గణితంతో చూపింది.

2007లో ఎడ్వర్డ్స్ బృందం పాత సమాచారాన్ని మళ్లీ తిరగేసింది. బాగా పొడవైన ‘ప్రయాణాలు’ కొన్ని అసలు ప్రయాణాలే కావు. పక్షి సముద్రానికి బయల్దేరక ముందూ తిరిగి వచ్చాకా గూటి మీద కూర్చున్న సమయంలో కూడా పరికరం పొడిగానే ఉంది. సమీకరణానికి కూర్చున్న పక్షీ ఎగిరే పక్షీ ఒకటే. ఆ తేడా పట్టాలంటే పక్షుల గురించి తెలిసినవారు కావాలి. ఈ రంగంలో భౌతిక శాస్త్రానికి ఎదురైన అసలు పాఠం అదే. లెవీ నడక మాత్రం అంతటితో కొట్టుకుపోలేదు. సొరచేపలు, ట్యూనాల మీద 2010లో జరిగిన అధ్యయనంలో మేత పలచగా ఉన్న నీళ్లలో లెవీ తీరూ, దండిగా ఉన్నచోట అణువు తీరూ బయటపడ్డాయి. 2012లో మెరుగైన సమాచారంతో ఆల్బట్రాస్‌లలోనూ లెవీ జాడ మళ్లీ దొరికింది.

మేత వెతికే జీవుల్లో మనిషీ ఉన్నాడు. పెరూలో ఆంకోవీ చేపల కోసం తిరిగే పడవల దారులను ఉపగ్రహ సమాచారంతో గీసి చూస్తే అవీ లెవీ తీరులోనే కనిపించాయి. నెల్లూరు జిల్లా విడవలూరు మండలం రామతీర్థం వంటి తీరాల నుంచి వేటకు వెళ్లే మత్స్యకారుల సమస్యా అదే జాతిది: చేపలు గుంపులుగా ఉంటాయి, గుంపులు అరుదు, వెతుకులాటలో డీజిలు ఖర్చవుతుంది. కాకపోతే లెవీ నడక ఏమీ తెలియనివాడికి పనికొచ్చేది. నీళ్ల రంగు, పక్షులు వాలే చోటు, ప్రవాహం తీరు చూసి నడిపే అనుభవజ్ఞుడికి అంత గుడ్డి వెతుకులాట అక్కర్లేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, నీటి పచ్చదనం ఆధారంగా చేపలు దొరకగల ప్రాంతాలను గుర్తించి, చేపల రేవుల వారీగా దిక్కు, దూరం, లోతు తెలియజేస్తుంది. తీరం మబ్బుపట్టిన రోజుల్లో ఉపగ్రహానికి నీరు కనిపించదు. అప్పుడు ఆ సూచనలు రాకపోతే పడవ మళ్లీ పాత అనుభవం మీదే సాగాలి.