సిగరెట్టును మాదకద్రవ్యాల సరసన చేర్చవచ్చునా?

ఒకని జేబులో హెరాయిన్ పొట్లం దొరికితే ఇంచుమించు ప్రపంచమంతటా అది నేరం. అదే జేబులో సిగరెట్టు పెట్టె దొరికితే అది ప్రభుత్వానికి పన్ను చెల్లించిన సరుకు. 2023లో అమెరికాలో మాదకద్రవ్యాల మోతాదు మించి మరణించినవారు సుమారు 1,05,000 మంది. సిగరెట్ల వలన ఆ దేశంలో ఏటా మరణించేవారు, ఇతరులు వదిలిన పొగకు బలియైనవారితో కలిపి, 4,80,000కు పైగా ఉంటారని ప్రభుత్వ ఆరోగ్యసంస్థల అంచనా. నాలుగింతల మరణాలకు కారణమైనది అంగడిలో ఉండగా తక్కినవాటికి మాత్రమే చెరసాల ఏమి న్యాయమని అడిగేవారికి బదులు చెప్పడం అంత తేలిక కాదు.

చట్టం ముఖ్యంగా చూసేది మరణాన్ని కాదు, మత్తును. హెరాయిన్ ఒక్క రాత్రిలో ప్రాణం తీయగలదు. సిగరెట్టుకు ముప్ఫై నలభై ఏళ్ళు పడుతుంది. ఆ ముప్ఫై ఏళ్ళూ మనిషి ఉద్యోగం చేస్తాడు, పిల్లలను చదివిస్తాడు, పన్ను కడతాడు. ఒళ్ళు తెలియక వీధిలో పడిపోడు. కనుక అతని వ్యసనం పరుల కంటికి వ్యసనంగానే తోచదు. అయితే 1988లో అమెరికా సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్ వెలువరించిన నివేదిక, నికోటిన్ వ్యసనానికి మూలమైన ప్రక్రియలు హెరాయిన్, కొకెయిన్ వ్యసనాలకు మూలమైనవాటిని పోలినవేనని తేల్చినది.

ఈ పోలిక ఎక్కడిదో తెలియాలంటే కొంచెం రసాయనశాస్త్రంలోకి వెళ్ళవలసి ఉంటుంది. నికోటిన్ ఒక క్షారం. ఆమ్లం తగిలితే అది ప్రోటాన్‌ను గ్రహించి లవణరూపం పొందుతుంది. ఆ రూపంలో జీవకణాల పొరలను దాటడం దానికి కష్టం. చుట్ట పొగ క్షారగుణం కలది. అది గొంతును మండిస్తుంది గనుక చుట్ట కాల్చేవారు సాధారణంగా పొగను నోటిలోనే ఆపుకొంటారు. నికోటిన్ నోటి లోపలి పొర గుండా మెల్లగా రక్తంలో చేరుతుంది. అంతమాత్రాన చుట్ట నిరపాయకరమని భ్రమపడనక్కరలేదు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు కొనను నోటిలోపల ఉంచుకొని అడ్డపొగ త్రాగే స్త్రీలకు అంగిట క్యాన్సర్ రావడం వైద్యులు చిరకాలంగా ఎరిగినదే.

సిగరెట్టు కథ వేరు. గుంటూరు, ప్రకాశం, గోదావరి ప్రాంతాలలో వర్జీనియా ఆకును బ్యారన్లలో గొట్టాల వేడితో ఆరబెట్టడం తెలుగువారు చూచినదే. ఆకు పసుపురంగుకు తిరిగే దశలో అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆపై వేడి పెంచి ఆరబెట్టడం వలన ఆ చక్కెర ఖర్చు కాకుండా నిలిచిపోతుంది. అటువంటి ఆకు కాలితే వచ్చే పొగ కొద్దిగా ఆమ్లగుణం కలిగి మెత్తగా ఉంటుంది. గొంతు అడ్డు చెప్పదు, పొగ తిన్నగా ఊపిరితిత్తులలోకి దిగుతుంది. అక్కడి వాయుకోశాల వైశాల్యం చాలా పెద్దది. అక్కడి ద్రవాల పిహెచ్ 7.4 ప్రాంతంలో ఉండడం వలన నికోటిన్‌లో కొంత భాగం తిరిగి క్షారరూపం దాల్చి వెనువెంటనే రక్తంలో కలిసిపోతుంది. పది, ఇరవై సెకండ్లలో మెదడును చేరుతుంది. కొకెయిన్ లవణాన్ని క్షారరూపంలోకి మార్చి పొగగా పీల్చే ‘క్రాక్’ మనిషిని అంత త్వరగా లోబరచుకోవడానికి కారణమూ ఈ వేగమే. పొగ మృదువైనకొద్దీ అపాయం లోతుకు దిగినది. ఆ మృదుత్వంలో ఆంధ్రదేశపు బ్యారన్లకూ పాలున్నది. ఆ ఆదాయంతోనే చదువుకొని సముద్రాలు దాటినవారూ లేకపోలేదు.

అయితే ప్రధానంగా చంపేది నికోటిన్ కాదు, నిప్పు. దమ్ము లాగినపుడు సిగరెట్టు కొన ఇంచుమించు 900 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడెక్కుతుంది. ఆ వేడిలో ఆకు పూర్తిగా కాలక వేల రసాయనాలు పుడతాయి. వాటిలో డెబ్బై దాకా క్యాన్సర్ కారకాలు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కన్న రెండు వందల రెట్లకు పైగా గట్టిగా హీమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకొంటుంది. బెంజోపైరీన్ శరీరంలో మార్పు చెంది, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పి53 జన్యువు తరచుగా చెడిపోయే స్థానాలనే పట్టుకొంటుందని 1996లో వెల్లడైనది. నికోటిన్ చేసే పని మనిషిని ఈ పొగ వద్దకు రోజుకు ఇరవైమార్లు రప్పించడం.

ఇక నిషేధం మాట. ఇది కొత్త ఆలోచన కాదు. 1890ల నుండి 1920ల దాకా అమెరికాలో పదిహేను రాష్ట్రాలు సిగరెట్లపై నిషేధాలు పెట్టినవి. 1927లో కాన్సాస్ రాష్ట్రంతో ఆ ముచ్చట ముగిసినది. భూటాన్ 2004లో పొగాకు అమ్మకాన్ని దేశమంతటా ఆపివేసి, 2010లో కఠినమైన చట్టం తెచ్చినది. ఆ చట్టం కింద కొద్దిపాటి నమలు పొగాకు తెచ్చుకొన్న ఒక యువ భిక్షువుకు 2011లో మూడేళ్ళ జైలుశిక్ష పడినది. దొంగరవాణా మాత్రం ఆగలేదు. 2021లో ఆ దేశమే నిషేధాన్ని ఎత్తివేసినది. మద్యం విషయంలో ఆంధ్రప్రదేశ్‌కు ఈ పాఠం 1995, 1997 సంవత్సరాల మధ్యనే అందినది. వ్యసనాన్ని శరీరంలో యథాతథంగా ఉంచి సరుకును మాత్రం దాచివేస్తే మిగిలేది దొంగసరుకే.

భారతదేశంలో మరొక విడ్డూరం కనిపిస్తుంది. 2019లో ఎలక్ట్రానిక్ సిగరెట్ల తయారీని, అమ్మకాన్ని చట్టం నిషేధించినది. అవి హానిలేనివి కావు, పసివారిని ఆకర్షిస్తాయన్న భయమూ న్యాయమైనదే. కాని అంతకన్న ఎన్నోరెట్లు ఘాతుకమైన కాలే సిగరెట్టు మాత్రం అంగడిలోనే నిలిచినది!

కనుక నేరస్థుని స్థానంలో నిలపవలసినది పొగత్రాగేవానిని కాదు, ఆ వేగవంతమైన నికోటిన్ వాహనాన్ని. 2025 జనవరిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఇటువంటి ప్రతిపాదననే చేసినది. సాధారణ సిగరెట్టు పొగాకులో గ్రాముకు పది మిల్లీగ్రాములకు పైగా ఉండే నికోటిన్‌ను 0.7 మిల్లీగ్రాములకు మించనీయరాదన్నది దాని సారాంశం. న్యూజిలాండ్ 2022లో ఇటువంటి నిబంధనతోనే చట్టం చేసి, అది అమలుకు రాకముందే 2024లో రద్దు చేసుకొన్నది. ప్రభుత్వాలు మారితే ప్రాధాన్యాలూ మారుతాయి.

‘లైట్’ సిగరెట్ల అనుభవం చూచినవారు ఈ పద్ధతిని శంకించడం సహజం. ఆ సిగరెట్లలో పొగాకును మార్చలేదు. ఫిల్టరుకు సన్నని రంధ్రాలు పెట్టి పొగలో గాలి కలిపారు. త్రాగేవారు మరింత గట్టిగా పీల్చి కావలసిన నికోటిన్ రాబట్టుకొన్నారు. ఆకులోనే నికోటిన్ లేనప్పుడు ఎంత పీల్చినా వచ్చేది స్వల్పం. కాని అటువంటి సిగరెట్టు పొగలోనూ తారు, కార్బన్ మోనాక్సైడ్ ఉండనే ఉంటాయి. దానిని నిరపాయమైన సిగరెట్టుగా అమ్మనిస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. పెట్టెలపై ‘లైట్’ అనే మాటను 2010లో అమెరికా నిషేధించినది ఆ అనుభవంతోనే.