కంపం ఆగాక అందరం ఉన్నామా?



2021 డిసెంబరు 23న, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం మూడు దాటాక వేలూరుకు పశ్చిమ వాయవ్య దిశగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో భూమి కంపించింది. అంటే మన పలమనేరు, బంగారుపాళ్యం వైపే. తీవ్రత 3.5. అంతకు నెల కూడా కాకముందు, నవంబరు 29 తెల్లవారుజామున, వేలూరుకు పడమరగా 3.6 తీవ్రతతో మరొకటి వచ్చింది. ఇంత చిన్న కంపాలకు గిన్నెలు కదులుతాయి, గోడ బీటలిస్తుంది, అంతే. నాలుగు రోజులు మాట్లాడుకుని మరిచిపోతాం. మన వైపు పెద్ద భూకంపాలు రావులే అనుకుంటాం.

మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి వాసులూ అలాగే అనుకున్నారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం అతి తక్కువ ప్రమాదమున్న ఒకటో జోన్‌లో ఉండేది. 1993 సెప్టెంబరు 30న తెల్లవారకముందే 6కు పైగా తీవ్రతతో భూమి కదిలింది. 7 వేలకు పైగా ప్రాణాలు పోయాయి. తీవ్రత అంకె ఒకటి పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. అయినా అక్కడ ఎక్కువ మందిని చంపింది భూమి కాదు, ఇళ్లే. మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద బరువైన మట్టి కప్పులు నిద్రలో ఉన్నవారి మీద కూలాయి. 2002లో సవరించిన పటంలో ఒకటో జోన్ అనేదే లేకుండా పోయింది. భయం బొత్తిగా లేని నేల మన దేశంలో లేదని దాని అర్థం.

మన ఊళ్లలో బండల మిద్దెలున్నాయి, మట్టి గోడల పెంకుటిళ్లున్నాయి, గాలికి ఎగరకుండా రాళ్లు పెట్టిన రేకుల ఇళ్లున్నాయి. అందుకే ఈ మాట రాస్తున్నాం.

ముందుగా ఈ సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక ఇంట్లో ఒకసారి తల పైకెత్తి చూడండి. పడక మీద గోడకు గాజు బిగించిన వాక్యపటం ఉందా? దాన్ని ఎదుటి గోడకు మార్చండి. అటక మీది ఇత్తడి బిందెలు, రోకళ్లు కిందికి దించండి. బీరువాను గోడకు బిగించండి. రేకుల మీది రాళ్లు తీసి, రేకులను మేకులతో, హుక్కులతో బిగించండి. గ్యాస్ రెగ్యులేటరు, కరెంటు మెయిను ఎలా ఆపాలో పెద్ద పిల్లలకు కూడా నేర్పండి. మంచం పక్కన చెప్పులు, టార్చిలైటు ఉండాలి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం నకళ్లు, రోజూ వేసుకునే మందులు, నీళ్ల సీసా, ఒక విజిల్ ఒక సంచిలో పెట్టి తలుపు దగ్గర తగిలించండి.

కంపం వచ్చిన క్షణంలో ఏం చేయాలి? గట్టి కాంక్రీటు ఇల్లయితే పరుగెత్తవద్దు. మోకాళ్ల మీద వంగి, బల్ల కిందికి దూరి, దాని కాలు గట్టిగా పట్టుకోండి. బల్ల లేకపోతే లోపలి గోడ పక్కన కూర్చుని తల చేతులతో కప్పుకోండి. మట్టి గోడల ఇల్లయి, తలుపు రెండడుగుల దూరంలో ఉంటే బయటి ఖాళీ స్థలానికి వెళ్లండి. గోడలకు, కరెంటు తీగలకు దూరంగా నిలబడండి. మేడమీద ఉంటే మెట్ల వైపు పోవద్దు. ఆగాక గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల గీయకండి, స్విచ్చి వేయకండి. బీటలిచ్చిన ఇంట్లోకి వస్తువుల కోసం తిరిగి వెళ్లకండి. తర్వాత మళ్లీ చిన్న కంపాలు రావచ్చు.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు పునాది మీద ఒక బెల్టు, కిటికీల పైన లింటల్ బెల్టు నాలుగు గోడల చుట్టూ తెగకుండా వేయమని మేస్త్రీకి చెప్పండి. అది గోడలను ఒకదానితో ఒకటి కట్టి ఉంచుతుంది. బండ మీద ఇల్లు కట్టిన బుద్ధిమంతుని గూర్చి ప్రభువు చెప్పింది ఆత్మ సంబంధమైన పాఠమే. అయినా పునాది మాట వినే ప్రతి గృహస్థునికీ తన ఇల్లు కూడా గుర్తుకు రావాలి.

జాగ్రత్త పడడం అవిశ్వాసం అనేవారున్నారు. కరవు రాకముందే యోసేపు ఏడేళ్లు ధాన్యం నిలవ చేశాడు, అది అవిశ్వాసమా? కంపం వచ్చిన ప్రతిసారీ తేదీలు చెప్పి భయపెట్టేవారూ ఉన్నారు. భూకంపం ఫలానా గంటకు వస్తుందని శాస్త్రవేత్తలు కూడా చెప్పలేరు. అలాంటి వాట్సాప్ సందేశాలను పంచవద్దు. భూకంపాలను గూర్చి చెప్పిన చోటనే, కలవరపడవద్దని కూడా ప్రభువు తన శిష్యులతో అన్నాడు.

ఫిలిప్పీ చెరసాల అర్ధరాత్రి కంపించినప్పుడు పౌలు తాను తప్పించుకునే దారి చూడలేదు. ప్రాణం తీసుకోబోయిన జైలు అధికారికి, ఖైదీలందరూ అక్కడే ఉన్నారని గొంతెత్తి చెప్పాడు. కంపం ఆగాక మొదట చేయవలసిన పని అదే, మనుషులను లెక్కపెట్టుకోవడం. ఇంటివారంతా ఎక్కడ కలవాలో ఇప్పుడే అనుకోండి, వేపచెట్టు కాకుండా, గోడ పక్కన కాకుండా, ఒక బయలు చోటు. మంచం పట్టిన అవ్వను ఎవరు ఎత్తుకోవాలి, పక్కింటి ఒంటరి విధవరాలిని ఎవరు పిలవాలి, పేరు పేరునా తేల్చుకోండి. సాయానికి 112, అంబులెన్సుకు 108.

సంఘ పెద్దలకు ఒక మనవి. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక ఐదు నిమిషాలు దీనికివ్వండి. మందిరం ద్వారం ముందు గుట్టగా పడే చెప్పులను పక్కకు పెట్టించండి, మూసి ఉంచే రెండో తలుపు తెరిపించండి, గోడకు వేలాడే స్పీకరు పెట్టెలను గట్టిగా బిగించండి. ఆ ఐదు నిమిషాలు కూడా పొరుగువానిని ప్రేమించడమే.